చెవి చిరిగిన జింక చూసినది

బడి వంటింట్లో పని మధ్యాహ్నానికి అయిపోతుంది. లొరెయిన్ పెట్రాక్ ఇంటికొచ్చి, ఉల్లిపాయల వాసన పోయేదాకా చేతులు కడుక్కుని, ఫ్లాస్కులో కాఫీ పోసుకుని, మొగుడి కోటు తొడుక్కుని పెరట్లోకి వెళుతుంది. ఆ నవంబరంతా ఇదే వరస. పెరడంటే పెద్దదేం కాదు. కాస్త గడ్డి, ఒక ఆపిల్ చెట్టు, వెనక వాగు దాకా దిగే పిసరంత అడవి, ఎడమ పక్క వెర్న్ సాబొల్ ఇంటి కంచె. అడవి మొదట్లో ఉన్న మేపుల్ చెట్టుకు మంచె. ఆమె నిచ్చెనెక్కి, కింద తాడుకు కట్టిన విల్లును పైకి లాక్కుని, పొద్దు వాలేదాకా అక్కడే కూర్చుంటుంది.

పిట్స్‌బర్గ్ శివార్లలో ఆ వీధిలాంటి చోట్ల ఇళ్లు దగ్గర దగ్గర కాబట్టి తుపాకీ కుదరదు, విల్లే దిక్కు. జింకలకు మాత్రం ఎవరి హద్దులూ పట్టవు. అబ్బ సొత్తన్నట్టు తులిప్ మొక్కలు మొదలుకుని చర్చి మెట్ల మీది గుమ్మడికాయల దాకా అన్నీ మేసేస్తాయి. ఒక్క జింక దొరికితే ఒక ఇంటికి చలికాలం గడిచిపోతుంది.

ఆ వీధిలో జింకను తిన్నవాళ్లకు ఆ జింక చూసినవి కనపడతాయి, విన్నవి వినపడతాయి. ఉప్పు ఉప్పగా ఎందుకుందని ఎవరూ అడగనట్టే దీన్నీ ఎవరూ అడగరు. కనపడేదాంట్లో ముప్పాతిక వంతు గడ్డే. మిగిలింది కార్ల దీపాలు, కుక్కలు, వాన. ఎప్పుడో ఒకసారి ఎవరి కిటికీయో తగులుతుంది. ఒక ఏడాది లొరెయిన్ మొగుడు డేల్ కొట్టిన జింక వేసవంతా పాస్టరుగారి పెరట్లో మేసింది. ఆయన బనీను మీద, వంటింట్లో, ఒంటరిగా డాన్సు చేయడం చూశాక లొరెయిన్ కొన్నాళ్లు చర్చిలో నవ్వాపుకోవడానికే దేవుణ్ని వేడుకుంది. చూసింది బయట అనకూడదు, అది మర్యాద. ఇంకో మర్యాద కూడా ఉంది. బాణం తగిలిన జింక పక్కవాళ్ల పెరట్లో పడితే తలుపు తట్టి అడిగి తెచ్చుకోవాలి, వెన్నుకండ వాళ్లకిచ్చేయాలి. జింకలో అంతకంటే మెత్తటి మాంసం లేదు. దాన్ని వద్దన్న మనిషిని ఆ వీధి ఎరగదు.

ఏ జింకను కొట్టాలన్నది ఆమెకు డేల్ నేర్పాడు. చిన్న పెరట్లో బాణం వేయడం కంటే ఎంచుకోవడమే కష్టమనేవాడు. ముందు నడిచే ముసలిదాన్ని ముట్టుకోకు, మిగతావన్నీ దాని వెనకే వస్తాయి, అది పోతే ఆ ఏడు ఇటు మొహం చూడవు. నుదుటి మీద రెండు బుడిపెలున్నాయా, అది ఆడది కాదు, పిల్ల పోతు, పెరగనీ. పిల్లలు వెంట తిరిగే తల్లిని వదిలెయ్. కంచె పక్కన నిలబడ్డదాన్ని ఆశపడకు, దూకి పక్కింట్లో పడుతుంది. పిల్లల్లేని పడుచు ఆడది, పెరటి మధ్యలో, పక్కకు తిరిగి నిలబడిందా, అప్పుడు వెయ్. అప్పట్లో ఇదంతా సుత్తి అని లొరెయిన్ విసుక్కునేది. ఇప్పుడు మంచె మీద ఆ మాటలే తోడు.

డేల్ పోయి రెండేళ్లు. మంచెను చెట్టుకు బిగించిన పట్టీ పీచులు తేలిందని, మార్చమని ఆమె అప్పటికి వారంగా పోరుతోంది. గోడకు చెప్పినట్టే అయింది. ఆ ఉదయం కూడా అతను ఈల వేసుకుంటూ నిచ్చెన వైపు నడుస్తుంటే ఆమె పెరట్లో నిలబడి అరిచింది. డేల్ వెనక్కి చూసి నవ్వాడు. ఆ నవ్వుకు ఆమెకు ఒళ్లు మండింది.

"సరే ఎక్కు. పడ్డాక మాత్రం నన్ను పిలవకు," అని బడికి వెళ్లిపోయింది.

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేం అంటారు. ఆ ఇంట్లో ఒకే పొద్దున రెండూ జారాయి, రెంటినీ ఎవరూ తీసుకోలేకపోయారు.

ఫోను రాగానే ఆమె ఏప్రను విప్పకుండానే వచ్చింది. డేల్ మేపుల్ చెట్టు కింద వెల్లకిలా ఉన్నాడు. పక్కన వెర్న్ మోకాళ్ల మీద ఉన్నాడు. కంచె వారన, అంబులెన్సు దీపాలకు కూడా బెదరకుండా, చెవి చిరిగిన జింక నిలబడి చూస్తోంది. ఎన్నో ఏళ్లుగా మందను ఆ పెరట్లోకి నడిపించేది అదే. పడగానే ప్రాణం పోయిందని, బాధ తెలిసుండదని వెర్న్ చెప్పాడు. లొరెయిన్ ఏడుస్తూనే ఒకటి గమనించింది. డేల్ తల కింద వెర్న్ జాకెట్టు మడతపెట్టి ఉంది. చచ్చినవాడికి తలగడ ఎవరు పెడతారు?

ఆ ప్రశ్న ఆమెను చెదపురుగులా తొలిచింది. డేల్ కాసేపు బతికే ఉన్నాడు. మరి పిలిచాడా? లేక పెళ్లాం పిలవొద్దంది కదా అని, మొండివాడు కాబట్టి, నోరు మూసుకుని పోయాడా? చెప్పగలిగినవాడు వెర్న్ ఒక్కడే. పెళ్లీ పెటాకులూ లేని వెర్న్ ఇరవై ఏళ్లుగా కంచె తలుపు తీసుకుని సొంత వంటింట్లోకి వచ్చినట్టు వచ్చేవాడు. అంత్యక్రియల తర్వాత ఆ తలుపు తీయడం మానేశాడు. దుకాణంలో ఎదురైతే పక్క వరసలోకి తప్పుకునేవాడు. ఈ శరత్కాలంలో ఇంటి ముందు అమ్మకం బోర్డు వెలిసింది. ఎరీలో ఉన్న చెల్లెలి దగ్గరకు వెళ్లిపోతున్నాడట, శనివారం ట్రక్కు వస్తుందట.

ఇక మిగిలింది జింక. మొదటి ఏడు లొరెయిన్ మంచె వైపు తల తిప్పి కూడా చూడలేకపోయింది. ఈ ఏడు పట్టీ తెగిన చోట బట్టలారేసే తాడుతో తానే మంచెను బిగించి ఎక్కింది. చెవి చిరిగినదాని పక్కటెముకలు తేలిపోయాయి. ఇంకో చలికాలం గట్టెక్కేలా లేదు. ఏ కారు కిందో పడితే, ఏ నక్కో తింటే, డేల్ ఆఖరి మాట దాంతోనే పోతుంది. అలాగని దాన్ని కొట్టడానికీ చెయ్యి రాలేదు. డేల్‌ను ప్రాణాలతో చూసిన కళ్లు ఇంకా ఆ పెరట్లో తిరుగుతున్నాయంటే, డేల్ కొంచెం తిరుగుతున్నట్టే ఆమెకు అనిపించేది.

ఆ బుధవారం మంద వాగు దాటి వచ్చింది. ముందు ముసలిది గాలి వాసన చూసి అడుగేసింది. వెనక ఒక పడుచుది, ఒక పిల్ల పోతు. పడుచుది ఆపిల్ చెట్టు కిందికొచ్చి, రాలిన కాయ నములుతూ, పక్కకు తిరిగి నిలబడింది. డేల్ చెప్పిన లెక్కకు అణువంత తేడా లేదు. లొరెయిన్ విల్లు లాగింది. వెయ్, అది నీ కోసమే నిలబడింది అన్నాడు డేల్ ఆమె చెవిలో. ముసలిది కంచె వార నుంచి తలెత్తి మంచె వైపు చూసింది. పారిపోలేదు. లొరెయిన్ మనసు గట్టిచేసుకుని విల్లు దాని వైపు తిప్పింది.

బాణం ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. జింక నడుమెత్తు కంచె ఒక్క ఉదుటున దాటి, వెర్న్ పెరట్లో కొట్టం దాకా పరిగెత్తి పడిపోయింది. డేల్ చెప్పిన నియమాలన్నీ ఒక్క బాణంతో తప్పినట్టయింది. ఆమె ఇంటి ముందు నుంచి తిరిగి వెళ్లి వెర్న్ తలుపు తట్టింది.

వెర్న్ తలుపు తీశాడు. అతని చూపు ముందు ఆమె ఒంటి మీది డేల్ కోటు మీద పడింది.

"నా జింక నీ పెరట్లో పడింది. తీసుకెళ్లనా?" అంది.

"దానికీ అడగాలా. ఉండు, లైటు తెస్తా."

ఇల్లంతా అట్టపెట్టెలే. ఇద్దరూ వెనక్కి నడిచారు. టార్చి వెలుగు చిరిగిన చెవి మీద పడగానే వెర్న్ ఆగిపోయాడు.

"డేల్ అయితే దీన్ని ముట్టుకునేవాడు కాదు," అన్నాడు.

"డేల్ ఉంటే నాకూ దీంతో పని లేదు."

అతను వంగి జింక వెనక కాళ్లు పట్టుకున్నాడు. తుప్పు పట్టిన కంచె తలుపును ఆమె భుజంతో నెట్టింది. ఇద్దరూ దాన్ని మోసుకెళ్లి ఆమె గ్యారేజీలో దూలానికి వేలాడదీశారు. వెన్నుకండ రేపు తెచ్చిస్తానంది ఆమె, అలవాటు ప్రకారం.

"నాకొద్దు," అన్నాడు వెర్న్.

"ఎందుకొద్దు?"

"రెండేళ్లు చెప్పలేనిది ఇప్పుడు నిలబెట్టి అడిగితే చెప్తానా. తిని చూడు. చూశాక నన్ను తిట్టాలనిపిస్తే శనివారం దాకా ఇక్కడే ఉంటా."

మర్నాడు సాయంత్రం ఆమె అత్తగారు నేర్పినట్టు క్యాబేజీ, నూడుల్స్ వెన్నలో వేపి, పక్కన మాంసం వండుకుని, ఒక్కతే బల్ల దగ్గర కూర్చుంది.  మొదటి ముద్ద నీళ్లతో మింగింది.

మొదట గడ్డి వచ్చింది. తర్వాత మంచు, వాగు, ఎన్నడో చచ్చిపోయిన పొరుగింటి కుక్క. ఆ తర్వాత మేపుల్ చెట్టు. ధబ్బుమని చప్పుడు. డేల్ ఆకుల మీద పడి ఉన్నాడు, కళ్లు తెరిచే ఉన్నాయి గాని దేన్నీ చూడటం లేదు. "లోరీ," అన్నాడు. ఆ పేరుతో ఆమెను పిలిచేవాడు అతనొక్కడే. మళ్లీ అన్నాడు. మళ్లీ. పిలవొద్దన్న మనిషినే, వేరే దేన్నీ తలవకుండా, పిలుస్తూనే ఉన్నాడు.

కంచె తలుపు దబాలున తెరుచుకుంది. వెర్న్ ఫోనులో ఎవరికో చిరునామా అరుస్తూ పరిగెత్తుకొచ్చి, జాకెట్టు విప్పి డేల్ తల కింద పెట్టాడు.

"లోరీ, నువ్వేనా?"

వెర్న్ తలెత్తి లొరెయిన్ ఇంటి వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. ఆకుల్లో మోకాళ్లు మోపి, డేల్ చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"నేనే," అన్నాడు. బొంగురు గొంతు. దాన్ని మార్చే ప్రయత్నం కూడా చేయలేదు.

"పిలవొద్దన్నావుగా."

"కోపంలో అన్నాను. పిలువు, ఇక్కడే ఉన్నా."

"పట్టీ మార్చాల్సింది."

"రేపు మారుద్దాంలే."

"కోపం పోయిందా?"

"ఎప్పుడో పోయింది, డేల్."

డేల్ మొహం తేటపడింది. తర్వాత మాట లేదు. వెర్న్ మాత్రం దూరంగా సైరన్ వినపడేదాకా, నేనే, ఇక్కడే ఉన్నా అంటూనే ఉన్నాడు. పొద్దుటి గొడవ కంచె అవతల ఆకులు ఊడుస్తూ అతను విన్నాడు కాబోలు.

దృశ్యం అక్కడ ఆగలేదు. రెండు చలికాలాలు గడిచాయి. మంచె ఖాళీగా ఉంది, చాలా రోజులు ఖాళీగానే ఉంది. ఆఖరున ఆపిల్ పళ్ల వాసన, వెనక పడుచుది కాయ నమిలే చప్పుడు. తలెత్తితే మంచె మీద డేల్ కోటు. తనను ఎన్నడూ ముట్టుకోని మనిషి తిరిగొచ్చాడని జింకకు భయమే వేయలేదు. లొరెయిన్ పళ్లెం పక్కకు జరిపి, డేల్ కోసం, జింక కోసం, తన నోటి కోసం చాలాసేపు ఏడ్చింది.

తెల్లారాక వెన్నుకండను ఉల్లిపాయలతో వేపి, గిన్నె మీద గుడ్డ కప్పి, కంచె తలుపు తీసుకుని వెళ్లింది. వెర్న్ పెట్టెలకు టేపు అంటిస్తున్నాడు. ఆమెను చూసి లేవలేదు.

"నీ మాట నేను చెప్పేశాను. నిన్ను అడగలేదు," అన్నాడు టేపు వైపు చూస్తూ. "మొగుణ్ని క్షమించడం నీ వంతు. అది నేను వాడేసుకున్నా. ఏ మొహంతో చెప్పను?"

"అందుకా ఊరు వదిలిపోతున్నావు? ఎరీలో జింకలు లేవా?"

"ఉన్నాయి. నన్ను చూసినవి లేవు."

లొరెయిన్ ఒక పెట్టె మీద కూర్చుంది.

"నేనైతే అంత తేలిగ్గా వదిలేదాన్ని కాదు, వెర్న్. నా సంగతి నాకు తెలుసు. నీకంటే ముందు నేను పరిగెత్తుకొచ్చుంటే, చెప్తే విన్నావా అని ముందు నాలుగు తిట్లు తిట్టేదాన్ని. డేల్‌కు అంత టైము లేదు. నువ్వు ఉండటమే మంచిదైంది."

వెర్న్ టేపు పక్కన పెట్టి లేచాడు. ఆమె గిన్నె మీది గుడ్డ తీసి అతని ముందు పెట్టింది.

"తిను. ఆ పొద్దున నువ్వెలా ఉన్నావో నువ్వు చూడలేదు. నేను చూశాను."

అతను నిలబడే ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. కాసేపటికి కూర్చున్నాడు. ఆమె కిటికీ బయటికి చూస్తూ ఉండిపోయింది. చూసింది బయట అనకూడదు కాబట్టి అతనేమీ అనలేదు, ఆమె ఏమీ అడగలేదు.

డేల్ చెప్పింది నిజమే. ముసలిది పోయాక పడుచుదీ, పిల్ల పోతూ దారి మార్చేశాయి. వసంతం దాకా ఆ పెరట్లోకి ఒక్క జింకా రాలేదు. ఆపిల్ కాయలు రాలిన చోటే కుళ్లిపోయాయి.

ఆ శనివారం రావాల్సిన ట్రక్కును మాత్రం వెర్న్ వద్దన్నాడు. ట్రక్కు రావాల్సిన ఆ ఉదయమే కంచె తలుపు చప్పుడైతే లొరెయిన్ వంటింట్లోంచి చూసింది. వెర్న్ చేతిలో కొత్త పట్టీ ఉంది. బట్టల తాడు కోసేసి దాన్ని బిగించడానికి నిచ్చెన ఎక్కుతున్నాడు. ఇక ఆ మంచె ఎవరికీ అవసరం లేదని ఇద్దరికీ తెలుసు. ఆమె కోటు కూడా వేసుకోకుండా చలిలోకి వెళ్లి రెండు చేతులా నిచ్చెన పట్టుకుంది.

"రేపన్నాను. ఆలస్యమైంది," అన్నాడు వెర్న్ పైనుంచి.

"మాట్లాడకుండా బిగించు," అంది లొరెయిన్. అతను కిందికి దిగి నేల మీద కాలు పెట్టేదాకా నిచ్చెన వదల్లేదు.