సెల్మర్ తాతయ్య మూలలో పద్నాలుగు మంది

మా పెళ్లయిన అయిదో రోజున అయోవాలో కాకస్, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే సభ, వచ్చింది. కొత్త పెళ్లికూతురివి, జనవరి చలిలో బడి ఆటల హాలుకి వెళ్లి గంటన్నర నిలబడటం ఏం సరదా అని మా అమ్మ ఫోన్లో అడిగింది. మా ఆయన పక్కన నిలబడతానుగా అన్నాను. ‘మా ఆయన’ అనే మాట అప్పటికింకా నాకు కొత్త. అవసరమున్నా లేకపోయినా రోజుకి నలభైసార్లు అనేదాన్ని, రొట్టెల దుకాణంలో అడగనివాళ్లకి కూడా.

మా ఆయన పేరు ఐవర్. వాళ్ల తాతయ్య సెల్మర్ ఇంట్లో మేడమీద గదిలో కాపురం పెట్టాం. ఆ గదిని వెచ్చబరిచే ఆవిరి గొట్టం తెల్లవారుజామున టకటకా కొట్టుకుని ఇద్దరినీ లేపేస్తుంది. నేను దానికి కూడా మురిసిపోయేదాన్ని.

ఆ ఇంట్లో ఎవరూ సంవత్సరాలు అంకెల్లో చెప్పరు. ఫలానా ప్రెసిడెంటు హయాంలో అంటారు. వంటింట్లో మొదటి బల్బు వెలిగింది రూజ్‌వెల్ట్ హయాంలో. అప్పుడు తాతయ్యకి పదకొండేళ్లు. బల్బు వెలగగానే వాళ్ల నాన్న టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడట. ఐసన్‌హోవర్ హయాంలో కొంత పొలం బీడు పెడితే ప్రభుత్వం డబ్బిచ్చింది, దాంతో ఇంట్లోకి స్నానాలగది వచ్చింది. జాన్సన్ హయాంలో ముసలివాళ్ల వైద్యం ఖర్చు ప్రభుత్వం పెట్టుకోవడం మొదలయ్యాక, ముత్తవ్వకి కళ్లలో శుక్లాలు తీయించారు. నిక్సన్ హయాంలో ధాన్యం రష్యాకి అమ్మారు. మొక్కజొన్న ధర కొండెక్కింది. ఆ ఊపులో తాతయ్య ఇంకో ఎనభై ఎకరాలు అప్పుచేసి కొన్నాడు. కార్టర్ హయాంలో రష్యాకి అమ్మకం ఆపేశారు. రీగన్ హయాంలో ఆ ఎనభై ఎకరాలూ బ్యాంకువాళ్లు వేలం వేశారు.

ఇక్కడిదాకా చెప్పి తాతయ్య ప్రతిసారీ లేచి కాఫీ పోసుకోవడానికి వెళ్లిపోతాడు. మిగతాది ఐవర్ చెప్పాడు.

మా విస్కాన్సిన్‌లో అయితే ఓటంటే చీటీ వేసి ఇంటికి రావడమే. ఇక్కడ డెమొక్రాట్ల కాకస్‌లో చీటీ లేదు, చాటూ లేదు. పార్టీ తరఫున ప్రెసిడెంటుకి ఎవరు పోటీ చెయ్యాలో తేల్చడానికి ఊళ్లోవాళ్లంతా ఆటల హాలులో చేరి, తమకి నచ్చిన అభ్యర్థి పేరున్న మూలకి వెళ్లి అందరూ చూస్తుండగా నిలబడాలి. వందమంది వస్తే మూలకి పదిహేను మందైనా ఉండాలి. లేకపోతే ఆ మూల రద్దు. రద్దవకుండా పక్క మూలల వాళ్లని బతిమాలి తెచ్చుకోవడానికి అరగంట గడువిస్తారు.

1980లో, రష్యాకి అమ్మకం ఆగిన రెండు వారాలకి కాకస్ జరిగింది. సెల్మర్ తాతయ్య మండిపోతూ సొంత పార్టీలోనే కార్టర్‌కి ఎదురు నిలిచిన కెనెడీ (పాత ప్రెసిడెంటు కాదు, ఆయన తమ్ముడు) మూలలో నిలబడ్డాడు. ఆ మూలకి ఒక మనిషి తక్కువైంది. ఎదురుగా కార్టర్ మూలలో ఆయన సొంత అక్క ఆర్డిస్. లెక్కలు చెప్పే టీచరు. రమ్మని తాతయ్య అక్కణ్నుంచే కేకేశాడు. చిక్కుల్లో ఉన్న ప్రెసిడెంటుని వదిలి రానని ఆవిడ తల అడ్డంగా ఊపింది. మూల రద్దయింది. గుమ్మం దగ్గర తాతయ్య అందరి ముందూ, నా పొలం పోతే అది నీవల్లే అన్నాడట. అయిదేళ్లకి పొలం నిజంగానే పోయింది.

అప్పట్నుంచీ అక్కాతమ్ముళ్లకి మాటల్లేవు. ఒకే చర్చి, ఇళ్ల మధ్య రెండే వీధులు. మా పెళ్లి విందులో కూడా బల్లకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. ఫొటోగ్రాఫరు ‘కుటుంబమంతా’ అన్న ఫొటోని రెండుసార్లు తియ్యాల్సొచ్చింది.

కాకస్ ముందురోజు నేను ప్లేట్లు కడుగుతుంటే తాతయ్య తుడుస్తున్నాడు. ఒకే ప్లేటుని చాలాసేపు తుడిచి, నాకేసి చూడకుండా అన్నాడు. “ఇరవై ఎనిమిదేళ్లు మాట్లాడకుండా ఉంటే, అమ్మాయ్, మొదటి మాట ఏమనాలో తెలీదు. బాగున్నావా అంటే నవ్వుతుంది. అక్కకి ఎనభై రెండొచ్చాయి. నువ్వు చదువుకున్నదానివి, ఎలా మొదలెట్టాలో చెప్పు.”

నేను చదివింది జీవశాస్త్రం. ఇంకో ప్లేటు అందించాను.

మర్నాడు సాయంత్రం హాల్లో తొంభై ఎనిమిది మంది సంతకాలు పెట్టారు. అంటే మూలకి పదిహేను మంది కావాలి. నేనూ ఐవర్ అన్నిటికన్నా పెద్ద మూలలో నిలబడ్డాం. ఆర్డిస్ మామ్మా మా మూలే. తుంటి నొప్పి కాబట్టి మడతకుర్చీ వేయించుకుని స్వెటర్ అల్లుకుంటోంది. ఐవర్ నా చెయ్యి తన కోటు జేబులో పెట్టుకున్నాడు. రాజకీయాలు ఇంత బాగుంటాయని నాకు అంతవరకూ తెలియదు.

సెల్మర్ తాతయ్య ఎదురుగా బాస్కెట్‌బాల్ బుట్ట కింద ఉన్నాడు. గొడవయ్యాక ఏ మూలలోనూ నిలబడే పని లేకుండా ఆయన కాకస్ అధ్యక్షుడి బల్ల పుచ్చుకున్నాడు. ఇరవై నాలుగేళ్లు ఆ బల్ల దగ్గరే ఉండి అందరి తలలూ లెక్కపెట్టాడు. ఈ ఏడాది చెవులు సరిగా వినపడక, పోస్టాఫీసులో రిటైరైన డార్లీన్‌కి బల్ల అప్పజెప్పి, చిన్న రైతుల సంగతి మాట్లాడుతున్న ఒక అభ్యర్థి మూలకి పెద్ద అయ్యాడు. గెలవడని అందరికీ తెలిసిన అభ్యర్థి.

ఒక్కో మూల పెద్దా తన లెక్క చెప్పాడు. తాతయ్య వేలితో తన వాళ్లని రెండుసార్లు లెక్కపెట్టి, పద్నాలుగు అన్నాడు. డార్లీన్ మొత్తం కూడితే తొంభై ఏడే వచ్చింది. ఎవరో బాత్రూంకి వెళ్లుంటారని, ముప్ఫై నిమిషాల గడువు మొదలైందని చెప్పింది.

ఇక బేరాలు మొదలయ్యాయి. ఒక మూలవాళ్లు చాక్లెట్ బర్ఫీ చూపించి పిలుస్తున్నారు. ఇంకో మూలవాళ్లు, మా దగ్గరికి వస్తే ఈ చలికాలమంతా మీ వాకిట్లో మంచు తోస్తామంటున్నారు. తాతయ్య మాత్రం చేతులు కట్టుకుని మా మూలకేసి చూస్తూ నిలబడ్డాడు. పదినిమిషాలు గడిచాయి. పావుగంట గడిచింది. ఆయన మనుషుల్లో ఒకాయన ఇంక లాభం లేదన్నట్టు కోటు బొత్తాలు పెట్టుకోవడం మొదలెట్టాడు.

నా మనసు ఆగలేదు. ఒక్క మనిషేగా, నేను వెళ్తానని బయల్దేరాను. మా ఆయన జేబులో నా చెయ్యి వదల్లేదు. “నువ్వెళ్తే తాతయ్యకి మనిషి దొరికేస్తుంది. ఇంక ఎవర్నీ అడగక్కర్లేదు,” అన్నాడు మెల్లగా.

అయిదు రోజుల క్రితం నేను చేసుకున్నది తెలివైనవాణ్ని అని అప్పుడు రూఢి అయింది. ఆగిపోయాను.

ఇంకా ఏడు నిమిషాలుందనగా తాతయ్య కదిలాడు. హాలు మధ్యలో గీసిన వలయం దాటి, టోపీ తీసి చేత్తో పట్టుకుని, మడతకుర్చీ ముందుకొచ్చి నిలబడ్డాడు.

“అక్కా.”

ఆర్డిస్ మామ్మ సూదులు ఆపలేదు. “నాకు బాగానే వినపడుతోంది. వినపడనిది నీకట కదా.”

“మా మూలకి ఒక మనిషి తక్కువైంది.”

“పోయినసారీ అంతేగా.”

“అంతే.”

“పోయినసారి నేను రాలేదని నీ పొలం పోయింది. ఇప్పుడొస్తే తిరిగొస్తుందా?”

తాతయ్య టోపీని చేతుల్లో ఒక చుట్టు తిప్పాడు. “పొలం నీవల్ల పోలేదు. ఆశకొద్దీ నేనే కొన్నాను. వేలంరోజునే తెలుసు నాకా సంగతి.”

“వేలం రీగన్ హయాంలో,” అంది మామ్మ. ఇప్పుడు సూదులు ఆగాయి. “ఆయన దిగిపోయాడు. బుష్ వచ్చి వెళ్లాడు, క్లింటన్ వచ్చి వెళ్లాడు, ఆ బుష్ గారబ్బాయి కూడా వెళ్లిపోయే వేళయింది. రెండు వీధులు దాటడానికి నలుగురు ప్రెసిడెంట్లు కావలిసొచ్చారట్రా నీకు?”

“సిగ్గేసింది.”

మామ్మ ఉన్ని ఉండని సంచిలో పెట్టుకుంది. “నేను నడవలేను. కుర్చీతో సహా పట్టుకెళ్లండి,” అంది.

ఐవర్ నా చెయ్యి వదిలి (అయిదు రోజుల్లో మొదటిసారి) కుర్చీ ఒక పక్క పట్టుకున్నాడు, తాతయ్య రెండో పక్క. మామ్మ సంచీ ఒళ్లో పెట్టుకుని, నిటారుగా కూర్చుని హాలు దాటింది. మావాళ్లు ఇలాంటప్పుడు చప్పట్లు కొట్టరు. ప్రతివాళ్లకీ ఒక్కసారిగా చాక్లెట్ బర్ఫీ మీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టుకొచ్చింది, అంతే. నేను మాత్రం చేతిగుడ్డ వెతుక్కున్నాను.

గడువైపోయింది. ఈసారి డార్లీన్ తనే వచ్చి ఒక్కొక్క భుజం తడుతూ లెక్కపెట్టింది. “పదహారు,” అంది.

“పదిహేను,” అన్నాడు తాతయ్య. “పద్నాలుగూ, మా అక్కా.”

డార్లీన్ మళ్లీ లెక్కపెట్టింది. పదహారే. చివరి భుజం తాతయ్యది. “మిమ్మల్ని మీరు లెక్కేసుకున్నారా, సెల్మర్ గారూ?”

ఇరవై నాలుగేళ్లు బల్ల దగ్గర నిలబడి ఊరందరి తలలూ లెక్కపెట్టిన మనిషికి, తనకీ ఒక తల ఉందనీ, అది కూడా లెక్కలోకి వస్తుందనీ తట్టలేదు. ఆ మూల మొదట్నుంచీ నిండుగానే ఉంది. ఎవర్నీ బతిమాలక్కర్లేదు.

మామ్మ మళ్లీ సూదులు తీసింది. “ముప్ఫై ఏడేళ్లు పిల్లలకి హాజరు వేసినదాన్ని. తొంభై ఏడు అన్నప్పుడే ఎవరిది తక్కువైందో చూశాను.”

“మరి చెప్పలేదేం?” అన్నాడు తాతయ్య.

“చెప్తే వచ్చేవాడివా?”

హాలంతా అప్పుడు నవ్వింది. తాతయ్య చెవులదాకా ఎర్రబడ్డాడు. కానీ తన మూలకి తిరిగి వెళ్లమని అక్కతో అనలేదు, ఆవిడా ఆ మాట ఎత్తలేదు.

ఆ మూలకి జిల్లా సభలో ఒక ప్రతినిధి స్థానం దక్కింది. అందరూ మామ్మ పేరే చెప్పారు. మార్చిలో సభ, ఇరవై మైళ్ల దూరం, ఎవరైనా తీసుకెళ్తేనే ఒప్పుకుంటానని ఆవిడ అంది. ఎన్నింటికి రమ్మంటావని తాతయ్య అడిగాడు. ఎనిమిదింటికి, మొహం కడుక్కుని రమ్మంది.

బయటికొచ్చేసరికి ఎనిమిదిన్నర. మేం ముగ్గురం వచ్చిన ట్రక్కులో మామ్మ ముందు సీట్లో కూర్చుంది. సంచీకీ చోటు కావాలట. పడుచువాళ్లు మీరు నడవండి అన్నాడు తాతయ్య. అంతకన్నా మంచి మాట ఆయన అనలేడు. చేతులు ఊపుకుంటూ, మంచు మీద జారుతూ, ఎవరో మాకిచ్చిన ఖాళీ బర్ఫీ పళ్లెం నువ్వు మొయ్యంటే నువ్వు మొయ్యనుకుంటూ బయల్దేరాం. నా పాదాలు గడ్డకట్టాయి. నాకు ఇంకా దూరమైతే బాగుండుననిపించింది.

మామ్మ వీధి మలుపు దగ్గర ట్రక్కు ఆగి ఉంది. ఇంజను నడుస్తోంది. అద్దాలు ఆవిరితో తెల్లబడి లోపల ఏం కనపడటం లేదు. రెండు గొంతులు మాత్రం ఒకదాని మీద ఒకటి పడుతూ వినిపిస్తున్నాయి. మా ఆయన వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. ఇద్దరం మునివేళ్ల మీద ఆ పక్కనుంచి దాటిపోయాం.