ఇంకా ఏడు ట్యూబులు

పిల్లల నరాలను ఒక్కొక్కటిగా చంపేసే జబ్బు అది. అక్క కూతురు చిట్టికి అదేనని తేలిన రోజే చెల్లెలు దానికి మందు కనిపెట్టే పరిశోధనను నెత్తికెత్తుకుంది. తొమ్మిదేళ్లయింది. ప్రయోగం బెడిసికొట్టినప్పుడల్లా నోటుబుక్కులో తేదీ వేసి, పక్కన ‘కాదు’ అని రాస్తుంది. అలా ఆరు నోటుబుక్కులు నిండాయి. ల్యాబులో అందరూ చాటుగా ఆమెను ‘కాదు మేడం’ అంటారు.

చూడటానికి వెళ్తే చిట్టి, పోయిన పెన్సిలు గురించి అడిగినట్టు, “దొరికిందా పిన్నీ?” అని అడిగేది. మాట పడిపోయాక ఏడాదిగా కళ్లతోనే అడుగుతోంది.

“గోడకు తల కొట్టుకుని ఏం బావుకున్నావమ్మా? తేలికైన పని చూపిస్తా, మారిపో. ఆర్నెల్లకో పేపరు, ఏడాదికో బహుమతి” అన్నాడు ల్యాబు పెద్దాయన. చెడ్డవాడేం కాదు, ఉన్నమాటే అన్నాడు. ఆమె మార్పు కోరుతూ ఉత్తరం రాసి సంతకం పెట్టింది. నిజం చెప్పొద్దూ, ప్రాణానికి హాయిగా అనిపించింది. ఆ హాయికే సిగ్గేసింది. ఉత్తరం ఇచ్చేముందు అక్కకు తనే చెప్పాలని, ఒక మాట చెప్పాలి వస్తున్నానని ఫోన్ చేసి ఆసుపత్రికి బయల్దేరింది.

వెళ్లేసరికి మంచం ఖాళీ. దుప్పటి కూడా మార్చేశారు. అక్క బయట బల్ల మీద చిట్టి మేజోళ్లు మడతపెడుతోంది.

“ఇందాకే పోయిందే” అంది. ఇంకో మేజోడు తీసుకుంటూ, “దాని నరం ముక్కలు మీ ల్యాబుకు ఇమ్మని డాక్టరు అడిగారు. సంతకం పెట్టేశాను. పరాయివాళ్లకు కాదుగా, నీ చేతికేగా. ఇంతకీ ఏదో చెప్పాలన్నావు?”

“ఏం లేదక్కా.”

మర్నాడు మంచుపెట్టెలో ఎనిమిది ట్యూబులు వచ్చాయి. వాటి మీద పేరు లేదు, నంబరే ఉంది. ఉత్తరం ఆమె సంచిలోనే ఉండిపోయింది. మొదటి ట్యూబుతో చేసిన ప్రయోగం నాలుగు రోజులు నడిచి, ఎప్పటిలాగే బెడిసికొట్టింది. ఆ ఒక్క మాట రాయడానికి ఆ రోజు చెయ్యి రాలేదు. అయినా రాసింది.

అక్క ఫోన్ చేసింది. “దొరికిందా?”

“లేదక్కా. ఇది కాదని తేలింది.”

“ఇంకెన్ని ఉన్నాయి?”

“ఏడు.”

“జాగ్రత్తగా వాడవే. మళ్లీ ఇవ్వడానికి నా దగ్గరేం లేదు.”

చెల్లెలు ఫోను పెట్టేసి, చేతులు కడుక్కుని, రెండో ట్యూబు బయటకు తీసింది.