మాసిన బట్టల మనిషి

"ఇగో సువార్తా, ఇను. బైట ఎవరన్న పలకరిస్తే పలకొద్దు. ఏమన్న ఇస్తే తీసుకోవద్దు," అని కూతురికి జడలు వేస్తూ చెప్పింది జానమ్మ. ఒక్క క్షణం ఆగి మరో మాట చేర్చింది. "తెల్లబట్టలోళ్లు అడిగితే చెప్పొచ్చు, ఫికర్ లేదు. మాసిన బట్టలోళ్లు దగ్గరికొస్తే మాత్రం మీ బాపు దగ్గరికి ఉరికి రా."

తొమ్మిదేళ్ల సువార్త బుద్ధిగా తలూపింది.

ఏ ఇంట్లోనైనా వినిపించే మాటలే ఇవి. కన్నతల్లి బిడ్డకు జాగ్రత్త చెప్పడంలో తప్పేముందని మీరడగవచ్చు. అందులో ఏం తప్పుందో ఆ ఉదయం జానమ్మకు కూడా తెలియదు.

అది 1957 వేసవి. వాళ్లున్నది కొలంబో నగరంలో. జానమ్మ నల్లగొండలో ఒక దవాఖానలో నర్సు. ఆమె భర్త గుర్వయ్య అదే ఊళ్లో సర్కారు బడిలో పంతులు. సింహళం నుంచి వచ్చి నల్లగొండలో ఆరేళ్లు వైద్యం చేసిన సెల్వమ్మ డాక్టరుకు జానమ్మ అంటే ప్రాణం. ఆమె స్వదేశం తిరిగి వెళ్తూ, "మీరంతా ఒకసారి మా ఊరు చూడటానికి రావాలి" అంది. ఏదో మాటవరసకు అన్నదనుకున్నారు. కాని రెండేళ్ల తర్వాత ప్రయాణానికి కావలసిన కాగితాలన్నీ తానే దగ్గరుండి ఏర్పాటు చేయించింది. అలా గుర్వయ్య, జానమ్మ, సువార్త, గుర్వయ్య తల్లి బిక్షమ్మ కలిసి పది రోజుల కోసం సముద్రం దాటారు.

బయలుదేరే ముందు బడిలో తోటి పంతులొకాయన గుర్వయ్యను పక్కకు పిలిచాడు. "ఓడలొచ్చే ఊరు. పిల్లల్ని ఎత్తుకపోయి ఓడలెక్కిస్తరట. జర పైలం," అన్నాడు. ఆయన ఎన్నడూ హైదరాబాదు దాటి పోయినవాడు కాదు. అయినా ఆ మాట గుర్వయ్య చెవిలో ముల్లులా దిగబడింది.

దారి పొడవునా ఆ ముల్లు పొడుస్తూనే ఉంది. ఓడలో ఒక ముసలమ్మ సువార్తకు బిస్కట్టు ఇస్తే, ఆమె అటు తిరగగానే జానమ్మ దాన్ని సముద్రంలో పడేసింది. రైలులో ఎదురుగా కూర్చున్నవాడు నవ్వితే, ఎందుకు నవ్వాడా అని గుర్వయ్య గంటసేపు ఆలోచించాడు. బిక్షమ్మయితే నిద్రపోయేటప్పుడు మనవరాలి పరికిణీ అంచును తన కొంగుకు ముడివేసుకుంది.

కొలంబోలో మొదటి ఉదయం డాక్టరమ్మ ఇంటి గేటు తీసి బయటికి రాగానే సందులో ఒక మనిషి చీపురుతో కనిపించాడు. అరవై ఏళ్లకు దగ్గరగా ఉంటాడు. మోకాళ్ల దాకా గళ్ల లుంగీ, చిరిగిన బనీను. ముందు ఉరికిన మనవరాలిని బిక్షమ్మ "జర ఆగు బిడ్డా" అని పిలవగానే అతను ఊడ్వడం ఆపి, కదలకుండా నిలబడ్డాడు.

"గట్ల చూస్తుండేంది?" అంది జానమ్మ మెల్లగా.

"సూడకు, నడువు," అన్నాడు గుర్వయ్య.

ఆ రోజు ట్రామెక్కి రేవుకు పోయారు. ఇళ్లంత ఎత్తున్న ఓడలు చూసి సువార్త నోరు తెరిచింది. గుర్వయ్య దృష్టి మాత్రం ఓడల మీద లేదు. గడియారపు స్తంభం నీడలో, చీపురు లేకుండా, పొద్దున చూసిన ఆ మనిషే నిలబడి ఉన్నాడు.

మర్నాడు మ్యూజియానికి వెళ్లారు. తిమింగలం ఎముకల గూడు కింద నిలబడి బిక్షమ్మ, "గిదేం చేప రా, మా గుడిసె కన్న పెద్దగుంది!" అని ఆశ్చర్యపోతుంటే, గుర్వయ్య కిటికీలోంచి బయటికి చూశాడు. ఇనుప కంచె అవతల అదే బనీను.

"మూడోసారి," అన్నాడు భార్యతో. "మన ఎంబడే తిరుగుతుండు. పిల్ల మీద కన్నేసిండు."

"నన్ను సూస్తుండు రా," అంది బిక్షమ్మ. "నా చేతి మీది పచ్చబొట్లు సూస్తుండు."

"నీకు తెల్వదవ్వా. నువ్వు ఊకో."

ఆ రాకపోకల్లో ఒక్కసారైనా ఆ మనిషి దగ్గరికి వెళ్లి "ఎవరు నువ్వు? ఏం కావాలె?" అని గుర్వయ్య అడగలేదు. డాక్టరమ్మకు కూడా చెప్పలేదు. పిలిచి అన్నం పెట్టిన ఇల్లాలి వీధిలో దొంగ ఉన్నాడని ఎలా చెప్పడమన్న మొహమాటం. అనుమానానికి మొహమాటం తోడైతే మనిషి లోపల్లోపలే తీర్పు రాసేసుకుంటాడు.

నాలుగో రోజు సాయంత్రం సముద్రం ఒడ్డున ఉన్న పెద్ద పచ్చిక మైదానానికి పోయారు. అత్తాకోడళ్లు అలలకు కాళ్లు తడుపుకుంటున్నారు. గుర్వయ్య పల్లీలు కొనడానికి అటు తిరిగి, ఇటు తిరిగేసరికి పక్కనున్న సువార్త లేదు. ఇరవై అడుగుల దూరంలో ఆ మనిషి గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఎదురుగా సువార్త. పిల్ల చేతిలో ఏదో ఎర్రటి పండు.

గుర్వయ్య పరుగెత్తాడు. ఆ మనిషి బనీను పట్టి లేపి రెండు చెంపలూ వాయించాడు. "దొంగ! పిల్లల్ని ఎత్తుకపోయే దొంగ!" అని తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి అరిచాడు. జనం మూగారు. పోలీసు జవాను వచ్చాడు.

ఆ మనిషి ఎదురుతిరగలేదు. వంగి, రెండు చేతులూ జోడించి అన్నాడు:

"బాంచెను దొరా. నేను దొంగను గాను."

గుర్వయ్య ఆ మాట స్పష్టంగా విన్నాడు. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో దొరల ముందు వెట్టివాళ్లు అనే మాట అది. తన తండ్రి వెయ్యిసార్లు అన్న మాట. పరదేశంలో, సముద్రపు ఒడ్డున, ఒక పాకీ మనిషి నోట ఆ మాట ఎలా వచ్చిందో ఒక్క నిమిషం ఆగి ఆలోచిస్తే అంతా తేలిపోయేది. కాని అనుమానం అంత తేలిగ్గా ఓడిపోదు. "నాలుగు దినాలు ఎంబడి తిరిగి మన మాట నేర్చిండు, బద్మాష్!" అనుకున్నాడు. ఠాణాకు వెళ్లి, తన బిడ్డను అపహరించబోయాడని ఇంగ్లీషులో ఫిర్యాదు రాసి సంతకం చేసి వచ్చాడు.

ఇంటికి వచ్చాక అందరూ అన్నానికి కూర్చున్నారు. ఇక దాచేందుకేమీ లేదు కనుక గుర్వయ్య జరిగిందంతా డాక్టరమ్మకు చెప్పాడు. అంతవరకూ భయంతో ముడుచుకుని ఉన్న సువార్త అప్పుడు నోరు విప్పింది.

"బాపూ, గాయన నన్ను ఎత్తుకపోతా అనలే. 'బిడ్డా, మీ అవ్వది ఏ ఊరు?' అనడిగిండు. మన తీరుగనే మాట్లాడిండు."

గుర్వయ్య తలెత్తలేదు. బిక్షమ్మ చేతిలోని ముద్దను మళ్లీ పళ్లెంలో పెట్టింది.

"మన తీరుగ మాట్లాడిండా? నువ్వు ఇన్నవా రా?"

గుర్వయ్య మెల్లగా అన్నాడు. "బాంచెను అన్నడు."

"ఇని గూడ పోలీసుకిచ్చినవా?"

"అవ్వా, పరాయి దేశం. మనమేం చేస్తం? పొద్దున ఇడిసిపెడతరు తీయ్."

అప్పుడు సెల్వమ్మ డాక్టరు కలుగజేసుకుంది. ఆమె నల్లగొండలో నేర్చిన తెలుగు ఇంకా మరచిపోలేదు. "విడిచిపెట్టరు పంతులుగారూ. అతన్ని నేనెరుగుదును. పేరు మల్లప్ప. గుత్తేదారు కింద మా సందు ఊడుస్తాడు. హిందూదేశం నుంచి వచ్చిన కూలీలకు ఇక్కడ కాగితాలు లేవు. ముప్పై, నలభై ఏళ్లుగా ఉన్నవాళ్లకు కూడా లేవు. ఒకసారి ఠాణా చేరితే ఎందుకు తెచ్చారన్నది ఎవరికీ పట్టదు. కాగితమేదీ అంటారు. లేదని చెప్తే ఓడెక్కించి పంపేస్తారు."

గుర్వయ్య పళ్లెం పక్కకు జరిపాడు. అయినా వెంటనే ఒప్పుకోలేదు. రాసిన ఫిర్యాదు అబద్ధమని ఇప్పుడు రాసివ్వాలంటే తన తప్పును తానే ఒప్పుకోవాలి. ఆ సంగతి తన సర్కారు దాకా పోతే నౌకరీ ఏమవుతుంది? ఆ మాటే పైకి అన్నాడు.

బిక్షమ్మ కొడుకు వైపు తిరిగి కూర్చుంది.

"హాలియా దిక్కు మనూళ్ల దొర గడిల నేను వడ్లు దంచేదాన్ని. నువ్వు అప్పుడు చంకల పిలగానివి. ఎండి గిన్నె పోయిందన్నరు. ఎవల్ని అడగలే. నన్ను వాకిట్ల నిలబెట్టి, అందరు సూస్తుండంగ కొంగు దులిపిచ్చిన్రు. మీ నాయినను చింతబరిగెతోని కొట్టిన్రు. మూడొద్దులకు గిన్నె దొరసాని పెట్టెల్నే దొరికింది. 'దొరికిందట' అని ఊరంత అనుకున్నరు గని, 'మాది తప్పయింది బిక్షమ్మా' అని ఒక్కలన్న అన్నరా? మీ నాయిన సచ్చేదాక గా తొవ్వెంట తలకాయెత్తి నడ్వలే. మిషనోళ్లు నిన్ను సదివిస్తే, మనకు గిసుంటి దినాలు పోయినయనుకున్న. పోలే రా. ఇయ్యాల నువ్వే దొరవైనవ్."

జానమ్మ కూతురి తల నిమురుతూ ఉండిపోయింది. మొదటి రోజు ఉదయం ఆ తలకే జడలు వేస్తూ తాను ఏం నేర్పిందో ఆమెకు గుర్తొచ్చినట్టుంది. కళ్లు తుడుచుకుంది.

పొద్దున్నే నలుగురూ, డాక్టరమ్మా ఠాణాకు వెళ్లారు. అధికారి ఫిర్యాదు కాగితం బయటికి తీసి, "ఇది అబద్ధమంటే మీ మీద కూడా కేసు పెట్టవచ్చు. తెలుసా?" అని ఇంగ్లీషులో అడిగాడు. ఎందుకు వచ్చారు, ఎవరు పిలిచారు, ఈ మనిషితో మీకు పూర్వపరిచయం ఏమిటి, అతని కోసం ఎందుకు ఇంత పాటుపడుతున్నారు అంటూ గంటన్నరసేపు గుర్వయ్యను ప్రశ్నించాడు. గుర్వయ్య ఏ జవాబు చెప్పినా ఆయన నమ్మనట్టే చూశాడు. నిజం చెప్తూ నమ్మించలేకపోవడం ఎంత నరకమో గుర్వయ్యకు మొదటిసారి తెలిసింది. అయినా ఈసారి వెనక్కి తగ్గలేదు. "అతను ఏ నేరమూ చేయలేదు. నేను విచారించకుండా నింద వేశాను" అని రాసి సంతకం చేశాడు. డాక్టరమ్మ పూచీ రాసిచ్చింది.

మల్లప్పను బయటికి తెచ్చారు. పెదవి వాచి ఉంది. గుర్వయ్యను చూడగానే మళ్లీ చేతులు జోడించబోయాడు. బిక్షమ్మ ముందుకు పోయి ఆ చేతులు పట్టుకుంది.

"ఏ ఊరన్నా నీది?"

"మక్తల్ దిక్కు, అక్కా. కరువు కాలంల మేస్త్రీ ఎంబడి రేవు పనికొచ్చిన, రాళ్లు మొయ్యనీకి. ముప్పై మూడేండ్లాయె. పెండ్లాం గీడనే పోయింది. మేముండే కూలోళ్ల లైన్ల తెలుగోళ్లున్నరు గని అందరు సముద్రం దిక్కోళ్లు. ఆళ్ల మాట ఏరు. మొన్న గేటు కాడ నువ్వు పిల్లను 'జర ఆగు బిడ్డా' అన్నవు. గా 'జర' ఇన్నంక నాకు కాళ్లాడలే. మా అవ్వ యాదికొచ్చింది. మీరు మాట్లాడుతుంటె ఇందామని ఎంబడి తిరిగిన."

"మరి పలకరియ్యకపోతివేంది, తమ్మీ?" అని జానమ్మ ఏడుస్తూ అడిగింది. ఆయన వయసును కూడా మరచిపోయి అనేసిన పిలుపు అది.

మల్లప్ప గుర్వయ్య ప్యాంటు వైపు, కాలిజోళ్ల వైపు చూశాడు. "సారును సూస్తే దొర తీరుగుండె. దొరను పలకరించనీకి నేనెవణ్ని?"

గుర్వయ్య జనం నడుమ, జవాన్ల నడుమ నిలబడి అన్నాడు. "నేను దొరను గాను మల్లప్పా. వెట్టి చేసినోళ్ల కొడుకునే. నిన్ను కొట్టిన. తప్పయింది."

మల్లప్ప వాచిన పెదవి తడుముకుని అన్నాడు. "కొట్టినందుకు గాదు సారూ. రాత్రంత ఒక్కటే అనుకున్న. ఒక్కసారి ఎవడివిరా అనడిగుంటే చెప్పేటోన్ని గద."

మిగిలిన రోజుల్లో ఆ కుటుంబం చూడదలచిన గుళ్లూ తోటలూ చూడలేదు. గుర్వయ్య మల్లప్ప కాగితాల కోసం డాక్టరమ్మతో కలిసి సర్కారు కచేరీల చుట్టూ తిరిగాడు. బిక్షమ్మా మల్లప్పా డాక్టరమ్మ ఇంటి వెనుక అరుగు మీద కూర్చుని జొన్న రొట్టెల గురించి, గొర్ల మందల గురించి, రాని వానల గురించి పొద్దుగూకేదాకా మాట్లాడుకున్నారు.

తీగ లాగిన తర్వాత డొంకంతా కదలక మానదు కదా. నేరం కేసు కొట్టేశారు గాని కాగితాల కేసు మిగిలింది. గుత్తేదారు మల్లప్పను పనిలోంచి తీసేశాడు. ఒక మనిషి తొందరపాటుకు మరో మనిషి ముప్పై మూడేళ్ల బతుకు కుదేలైంది. డాక్టరమ్మ తన తోటపనికి పెట్టుకోకుంటే ఆయన వీధినపడేవాడే.

ఇంటికి చేరిన వారానికే గుర్వయ్య మక్తల్ వైపు బయలుదేరాడు. మూడు ఊళ్లు తిరిగి మల్లప్ప చెల్లెలు నాగులమ్మను కనుక్కున్నాడు. అన్న బతికే ఉన్నాడని వినగానే ఆమె వాకిట్లో కూలబడిపోయింది. పట్వారీతో మల్లప్ప పుట్టు పూర్వోత్తరాలు రాయించి డాక్టరమ్మకు పంపాడు. పదిహేను నెలల తర్వాత సింహళం నుంచి జాబు వచ్చింది. మల్లప్పకు హిందూదేశపు కాగితం దొరికిందనీ, అక్కడ ఉండటానికి అనుమతి వచ్చిందనీ, కోతల కాలంలో చెల్లెల్ని చూడటానికి వస్తాడనీ డాక్టరమ్మ రాసింది.

ఆ సంవత్సరం పంతుళ్ల సభలో మాట్లాడమంటే గుర్వయ్య ఈ కథే చెప్పాడు. తన పేరు దాచలేదు. తాను కొట్టిన దెబ్బలూ దాచలేదు. చివరికి ఇలా అన్నాడు:

"ఆయన బట్టలు మాసి ఉన్నయి. గంతకు మించి నా దగ్గర ఏ సాక్ష్యం లేకుండె. లేనోణ్ని అనుమానించుడు మనం పిల్లలకు ఇంట్లనే నేర్పుతున్నం, బడిల గూడ నేర్పుతున్నం. ఇగ మానుదాం. ఎవరి మీదనన్న అనుమానమొస్తే, పోలీసును పిలిచేముందు ఆ మనిషి పేరడుగుండ్రి, ఊరడుగుండ్రి, ఆయన చెప్పేది నిలబడి ఇనుండ్రి."