బల్బు వెలిగించని బిళ్ళ

షాహీన్‌ది రేపల్లె. బాపట్లలో ఫిజిక్స్ రీసెర్చి చేస్తోంది. సోడియం, బిస్మత్, టైటానియం ఆక్సైడ్ల పొడులు కలిపి, బిళ్ళలుగా నొక్కి, ఫర్నేసులో కాలుస్తుంది. అలాంటి బిళ్ళకు ఒకసారి గట్టిగా వోల్టేజి పెడితే, ఆ తర్వాత నొక్కినప్పుడల్లా కాస్త కరెంటు పుట్టాలి. ఆమె బిళ్ళల్లో వోల్టేజి నిలిచేది కాదు. కరెంటు కారిపోయేది.

అది తెలిసి కూడా ఆమె గైడు దేవసహాయం గారు, తెనాలిలో ఒక కాలేజీ సెమినార్లో బిళ్ళ నొక్కి బల్బు వెలిగిస్తానని మాటిచ్చేశారు.

"వెలగదండి సార్," అంది షాహీన్ బస్సులో.

"ముందే అట్లా అనుకోకమ్మా. తెనాలి కరెంటు వేరు."

వోల్టేజి పెట్టేటప్పుడు బిళ్ళను వేడి నూనెలో ముంచాలి. స్టేజీ మీద నూనె కాగుతుంటే, ముందు వరసలో ఉన్న కెమిస్ట్రీ మేడం కాంతమ్మ గారు పక్కావిడతో, "టిఫిన్ ఇక్కడే వేస్తున్నట్టున్నారు," అన్నారు.

వోల్టేజి పెంచగానే, కాలేజీ వాళ్ళు ఇచ్చిన మిషను టప్పున ఆగిపోయింది. దేవసహాయం గారు బిళ్ళ తీసి, తుడిచి, బొటనవేలు ఎర్రబడేదాకా నొక్కారు. బల్బు వెలగలేదు.

"ఈ మిషను మాది కాదండి," అన్నారు.

షాహీన్ ఇక ఉండబట్టలేక లేచింది.

"మిషను తప్పేం లేదండి. కాల్చేటప్పుడు బిస్మత్ కొంత ఆవిరైపోతోంది. దాంతోపాటు ఆక్సిజనూ పోయి, స్ఫటికంలో ఖాళీలు పడుతున్నాయి. మిగతా ఆక్సిజన్ అయాన్లు ఆ ఖాళీల్లోకి జరుగుతున్నాయి. బస్సులో సీటు ఖాళీ అయితే మనం జరగమా, అట్లా."

హాలంతా నవ్వింది. కాంతమ్మ గారు నవ్వలేదు.

"జరిగేది ఎలక్ట్రాన్లు కాదుగా?"

"కాదండి, సరిచూశాను. వేడి పెరిగేకొద్దీ ఇంకా కారుతోంది," అంటూ ఫోన్లో గ్రాఫు చూపించింది.

"కారుతోందంటావేంటమ్మా? ఫ్యూయల్ సెల్లు కరెంటు ఇవ్వాలంటే, దాని మధ్య పొరలోంచి ఆక్సిజన్ అయాన్లు ఇట్లాగే జరగాలి. మేం వెతుకుతోంది ఇట్లాంటిదే. ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

షాహీన్ గైడు వైపు చూసింది. ఆయన అప్పటికే మైకు అందుకున్నారు.

"బల్బు వెలగకూడదనే మా ఉద్దేశమండి."

తిరుగు బస్సులో ఆయన హుషారుగా, "థీసిస్ పేరు మార్చేద్దాం. ఇకనుంచి బిస్మత్ తగ్గించే కలుపు," అన్నారు. ఇన్నాళ్ళూ బిస్మత్ ఆవిరైపోకుండా మూతలు పెట్టీ పెట్టీ విసిగిపోయిన షాహీన్, కిటికీ వైపు తిరిగి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వుకుంది.

కొత్త బిళ్ళలో ఆక్సిజన్ ఇంకా బాగా నడిచింది. ఆ రోజు ల్యాబులో అందరికీ షాహీన్ టీ ఇప్పించింది.