వంటింటి కిటికీలో వెలుగు

ఆకాశంలో కనిపించే వింత వెలుగుల ఫొటోలు పరిశీలించడానికి సర్కారు ఒక విభాగం పెట్టింది. పనీపాటా లేనివాళ్లంతా అక్కడే చేరారని జనం నవ్వుకుంటారు గానీ, ఆ సాయంత్రం మూడుకాళ్ల స్టాండు చంకన పెట్టుకుని మెట్లెక్కి వచ్చిన ఆఫీసరుకు మాత్రం ఊపిరి సలుపుతున్నట్టు లేదు. వస్తూనే మంచినీళ్లడిగి గటగటా తాగాడు.

అత్తగారు ఆయనకు కుర్చీ వేసింది. కోడలు వంటింటి గుమ్మాన్ని ఆనుకుని నిలబడింది. భర్త కనపడకుండా పోయి ఆర్నెల్లు. మొదట్లో ఏడుపొస్తుందని ఎదురుచూసింది. రాలేదు. వండుతుంది, తింటుంది, రుచి తెలియదు. ఎవరైనా ఓదారిస్తే తిమ్మిరెక్కిన చేతిని గిల్లినట్టే ఉంటుంది.

భర్త "ఇప్పుడే వస్తా" అని వెళ్లిన సాయంత్రం, మండుటెండల తర్వాత మబ్బు పట్టిందన్న సంబరంతో ఆమె వంటింటి కిటికీలోంచి ఫొటో తీసింది. అందులో ఎదుటి డాబాల మీద తెల్లటి చక్రం తేలుతోంది. "నా కొడుకుని అదే ఎత్తుకుపోయింది," అని అత్తగారు పట్టుబట్టి ఫొటో ఆ విభాగానికి పంపించింది. పోలీసులు చేతులెత్తేశాక ఆవిడకు మిగిలింది ఆ చక్రమొక్కటే. ఎత్తుకుపోయారంటే, వదిలేసి పోలేదనే కదా.

ఆ విభాగంలో ఒక చిత్రమైన పద్ధతుంది. వెలుగున్న ఆకాశం ముక్క కత్తిరించి పంపితే చాలు, కింద చెట్టుందా పుట్టుందా అని చూడరు. ముక్కు సూటిగా ఆకాశంలోకే చూసే మనుషులు. కోడలికి ఆ పద్ధతి కలిసొచ్చింది; అత్తగారికి చూపించిందీ ఆ పైముక్కే.

"ఆ రోజు కిటికీ అద్దం మూసే ఉందా అమ్మా?" ఆఫీసరు అడిగాడు.

"దుమ్ము రేగుతోందని మూశాను సార్."

"వంటింట్లో లైటు?"

"వేసే ఉంది."

ఆయన తలెత్తి గుండ్రటి ట్యూబ్‌లైటు చూసి నిట్టూర్చాడు. స్టాండు మీద కెమెరా బిగించి, బయట మసకబడేదాకా ఆగి, ఫొటో తీసి చూపించాడు. డాబాల మీద అదే చక్రం.

"మీ లైటేనమ్మా. అద్దంలో పడింది."

"ఇంత చదువూ చదివి వంటింటి లైటు కనిపెట్టడానికొచ్చావా నాయనా!" అంది అత్తగారు. గొంతులో వెటకారం ఉంది గానీ చూపు మాత్రం ఆ లైటు మీదే ఉంది.

"డాబాల వరసతో సరిచూడాలి పెద్దమ్మా. అమ్మా, ఫొటో మొత్తం చూపిస్తారా?"

లైటేనని తేలాక ఇక దాచి ఏం లాభం? కోడలు ఫోను తెరిచి ఇచ్చింది. ఫొటోలో కింద, వీధి మలుపులో, భర్త వెళ్లిపోతున్నాడు. చేతిలో పెద్ద పెట్టె. ఆమె దాన్ని ఆ రాత్రే చూసింది. ముసలావిడ గుండె ఆగిపోతుందని నోరు కుట్టేసుకుంది.

"మీరు తట్టుకోలేరని చెప్పలేదత్తయ్యా."

అత్తగారు ఫోను అందుకుని చూసింది. "ఆ పెట్టె సర్దింది నేనేనమ్మా," అంది. "నీకు చెప్పొద్దని చేతిలో చెయ్యేయించుకున్నాడు. కన్న కడుపు, కాదనలేకపోయాను. ఆ వెలుగు చూశాక, నావల్ల కాదు, దానివల్లే పోయాడనుకుంటే కాస్త నిద్రపట్టేది."

ఆఫీసరు మొహం తిప్పుకుని స్టాండు మడుస్తున్నాడు. కోడలికి కోపం రాలేదు. వస్తే బాగుండునని మాత్రం అనిపించింది.

"తిరిగొస్తానన్నాడా అత్తయ్యా?"

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"స్వెట్టర్లు కూడా పెట్టమన్నాడమ్మా. అంత ఎండల్లో."

కోడలు ఉన్నచోటే నేల మీద కూలబడింది. ఆర్నెల్లుగా రాని ఏడుపు అప్పుడొచ్చింది.