చేదుగడ్డ బొమ్మ

తనిఖీ నాకా దగ్గర అడ్డుకర్ర కింద ఆ అడవి ఊరి పొజ్జే బుట్ట దించి చాలాసేపయింది. ఎండ నెత్తిమీదికొచ్చింది. జగర్గుండా సంతకు పోవలసిన జనం వెనక వరసగా నిలబడ్డారు. అడవిని కాసే జంగలాతు గార్డు బుధ్రాం బుట్టలో చెయ్యి పెట్టి పిడికెడు సారపలుకులు తీశాడు. పైన కప్పిన కొమ్మను కూడా లాగి, గుడిసె గోడ దగ్గరికి తీసుకుపోయి, అక్కడ మేకుకు వేలాడుతున్న అచ్చు కాగితం పక్కన పెట్టి ఆకుకు ఆకు పోల్చి చూశాడు.

సరిగ్గా అప్పుడే రామనర్సయ్య అక్కడికి వచ్చాడు. గోడమీది కాగితం కనబడగానే అతని గుండె పొంగింది. అది తన బొమ్మే. నిరుడు ఉడుత వెంట్రుకల కుంచెతో ఒక్కో ఈనె తీర్చిన సార కొమ్మ. ఆకు కింది నూగు, పండు, పగలగొట్టిన గింజ, లోపలి పలుకు, అన్నీ అచ్చులో దిగాయి. ఆకుపచ్చ మాత్రం కాస్త మాసినట్టు పడింది, ఆ అచ్చువాళ్లకు రంగు కలపడం రాదు అనుకున్నాడు. మనిషి వెర్రితనానికి హద్దుండదు. ఆ కాగితం ఈ గోడ మీద ఎందుకుందని అతనికి అప్పటికింకా తోచనే లేదు.

"ఇదే. పత్తా అదే, దానా అదే," అన్నాడు బుధ్రాం. "సర్కారు ఠేకేదారుకు గుత్తకిచ్చిన మాల్. జప్తు."

"మా ఊరి చెట్టుది సారూ ఇది," అంది పొజ్జే.

"ఊరికి చెట్టెక్కడిది? బొమ్మ చూడు. బొమ్మలో ఉన్నదంతా సర్కారుది."

జుర్మానా కింద ఆమె చంకలోని కోడిని కూడా తీసుకుని గుంజకు కట్టేశాడు. ఆ పలుకులిస్తే సంతలో షావుకారు సరిసమానంగా ఉప్పు కొలిచేవాడు. పలుకుల ధర ఉప్పుకు ఎన్నో రెట్లు, అదే మోసం. ఇప్పుడు ఆ మోసపు ఉప్పు కూడా లేదు. పొజ్జే ఖాళీ చేతులు చూసుకుంది, గోడ మీది బొమ్మ చూసింది, ఆ తర్వాత రామనర్సయ్యను చూసింది. ఆ కొమ్మ అతనికి తెచ్చిచ్చింది ఆమే. పూత మీదున్నప్పుడు పూత, కాయ పండాక కాయ, ఏరుకొని ఆకుల్లో చుట్టి, వాడిపోకుండా తడిపి తెచ్చింది. అతను తలదించుకుని వెనక్కి నడిచాడు.

రామనర్సయ్య ఓరుగల్లు వైపు నకాషీ. కులపురాణాలు చెప్పేవాళ్లకు మూరలకొద్దీ బట్ట మీద కథలను బొమ్మలుగా వేసిన వంశం. చింతగింజల జిగురు, సుద్ద, రాతిరంగులు నూరుతూ పెరిగాడు. కథ చెప్పించుకునే ఊళ్లకే తిండి కరువై బట్టలు కొనేవాళ్లు లేకపోయాక, గోదావరి దాటి ఈ బస్తరు రాజ్యంలోకి వచ్చిపడ్డాడు. ఇక్కడి రేంజరు కామేశంగారు అతని చేతిపని చూసి మురిసిపోయి, బొమ్మకు రూపాయి చొప్పునా, కచేరీ వెనక ఒక గదీ ఇచ్చారు. సీమ కాగితం, సీమ రంగుల పెట్టె, భూతద్దం తెప్పించారు. "ఈ చెట్ల బొమ్మల పుస్తకం లండనుకు వెళుతుందయ్యా, అద్దాల బీరువాలో పెడతారు," అన్నారు. అబద్ధమేమీ కాదు, ఒక పుస్తకం వెళ్లే ఉంటుంది. మిగతావి నాకాలకు వచ్చాయి.

ఎందుకు వచ్చాయో ఇంటికి చేరేలోపల అతనికి తెలిసింది. గార్డులంతా ఎక్కడో ఉత్తరాది నుంచి వచ్చినవాళ్లు. స్థానికులను పెడితే తమవాళ్లను వదిలేస్తారని దొరల భయం. కానీ ఆ వచ్చినవాళ్లకు చెట్టుకూ చెట్టుకూ తేడా తెలియదు. నిన్నమొన్నటి దాకా ఏ ఆడది ఏం మోసుకుపోతున్నా 'పశువుల మేత' అంటే వదిలేసేవాళ్లు. ఇప్పుడు వాళ్లకు కళ్లొచ్చాయి. ఆ కళ్లు పెట్టింది రామనర్సయ్య.

గది వసారాలో బల్లమీద చేదుగడ్డ బొమ్మ సగం పూర్తయి ఉంది. పైసగంలో తీగ. వానాకాలంలో పొజ్జే తెచ్చినప్పుడే మూడు రెక్కల ఆకులూ, పూల గుత్తీ, కాండం మీది ముళ్లూ గీసిపెట్టాడు. కింది సగం గడ్డ కోసం వదిలాడు. ఈ పనిలో ఉన్న నేర్పంతా అదే. అడవిలో ఆకునూ పండిన గడ్డనూ ఎవరూ ఒకేసారి చూడరు. గడ్డ తినే కాలానికి తీగ ఎండి రాలిపోతుంది. తరతరాలుగా తవ్వేవాళ్లకు తప్ప మట్టికింద ఏముందో తెలియదు. చిత్రకారుడు మాత్రం రెండు కాలాలనూ ఒక కాగితం మీద కూర్చి, ఈ ఆకు కింద ఈ గడ్డ ఉంటుందని చెప్పేస్తాడు. మొదట్లో ఆ కూర్పు కుదిరినప్పుడల్లా అతనికి పండగలా ఉండేది.

పొజ్జే సాయంత్రం వచ్చింది. గడ్డ తేలేదు. వసారా అంచున కూర్చుంది.

"చేదుగడ్డ తెస్తనంటివి," అన్నాడు రామనర్సయ్య, ఏదో ఒకటి అనాలి గనక.

"తేను. ఆ ఠేకేదారు గడ్డలు కూడా గుత్తకు పట్టిండంట గదా. మిల్లుబట్టలకు గంజి పట్టనీకి. నీకు తెల్వదా?"

"తెల్వదు."

"ఎట్ల తెలుస్తది? నువ్వు తలెత్తవు గదా." ఆమె గొంతులో కోపం కంటే అలసటే ఎక్కువుంది. "ఎండల గింజ అయిపోతది అన్నా. వానపడి కొత్త గింజొచ్చేదాక ఆ గడ్డే మాకు కూడు. చక్రాలు కోసి, వాగుల కట్టేసి, చేదంత పోయేదాక ఆగి తింటం. అంత కష్టపడి తినేటిది కూడా జప్తు జేస్తే ఇంగేం దినాలె? ఆ ఆకు కింద గడ్డ పెట్టకు."

"పెట్టకుంటె రేంజరు ఊకుంటడా? ఇంకో గడ్డ పెడత. తీగగడ్డ గీస్త. ఈళ్లకేం తెలుస్తది?"

"తీగగడ్డ మా అత్తోళ్లు తింటరు."

"పోనీ, నల్లగడ్డ."

"అది బాసగూడ దిక్కోళ్లది. నువ్వు ఏది గీస్తె దాన్ని పడతరు. ఎవ్వలూ తినని గడ్డ ఈ అడవిల యేడుందో చెప్పు, అది గీయి."

అబద్ధం గీసినా ఒకడి నోటి కూడు పోతుంది, నిజం గీసినా పోతుంది. ఇన్నాళ్లూ బొమ్మ ఉన్నదున్నట్టు వేయడమే ధర్మమనుకున్నాడు. ఆ ధర్మానికి కూడు ఎవరు పెడుతున్నారో ఎప్పుడూ చూడలేదు.

పొజ్జే వెళ్లాక అతని భార్య తిరుపతమ్మ గుమ్మం పట్టుకుని బయటికి వచ్చింది. ఆమెకు నిండు నెలలు.

"అంత ఇన్న," అంది. "గీయకుంటే గది ఖాళీ చెయ్యమంటడు. ఈ ఎండల నేనెట్ల నడవాలె? బండెవడిస్తడు?"

"మరి గీయమంటవా?"

"నన్నెందుకడుగుతున్నవ్? పాపం నామీద పెట్టనీకా? నీ చెయ్యి నీది. ఈ కడుపు మాత్రం నా ఒక్కదానిదే గాదు." లోపలికి పోయి పడుకుంది. ఆమె అన్న దాంట్లో తప్పేముంది? ఉన్న తప్పంతా, ఆ ఇద్దరాడవాళ్ల ఆకలినీ ఒకదానికొకటి పోటీ పెట్టినవాళ్లది.

మర్నాడు పొద్దున రామనర్సయ్య బొమ్మ చుట్టుకుని కచేరీకి వెళ్లాడు. కామేశంగారు కాగితం విప్పి, భూతద్దంతో తీగనంతా చూశారు. ఆయన నిజంగానే బొమ్మలంటే ప్రాణం పెట్టే మనిషి. సాయంత్రాలు ఫిడేలు వాయిస్తారు. ఎవరినీ కసురుకోరు.

"అద్భుతంగా ఉందయ్యా. ఈ ముళ్లు ముట్టుకుంటే గుచ్చుకునేట్టున్నాయి. మరి కింద ఖాళీగా ఉందేం?"

"గడ్డ దొరకలేదు దొరా."

"ఓస్, అంతేనా?" ఆయన నవ్వి బుధ్రాంను కేకేశారు. "నీకోసమని రాత్రే తెప్పించి ఉంచానయ్యా."

బుధ్రాం గోనెపట్టాలో చుట్టిన గడ్డ తెచ్చి బల్లమీద పెట్టాడు. తలకాయంత గడ్డ, ఒళ్లంతా సన్నటి వేళ్లు, వాటికి తడిమట్టి. ఎవరిచేత తవ్వించారో, వాళ్లను ఏంచేసి తవ్వించారో రామనర్సయ్య అడగలేదు. కామేశంగారు చొక్కాచేతులు పైకి మడుచుకుని తనే కత్తితో ఒక చెక్క కోశారు. కోసిన ముఖం తెల్లగా, మధ్యలో లేత పసుపుగా, జిగురుతో మెరుస్తోంది.

"కోసినచోటు కూడా వెయ్యి. ముక్కలుగా పట్టుకుపోయినా గుర్తుపట్టాలి కదా. కానియ్యి, ఇది తొందరగా నల్లబడిపోతుంది."

నిజమే. కోసిన గడ్డ రంగు నిలవదు. రంగు ముందే కలిపి ఉంచుకుని, కత్తి పడగానే కుంచె పడాలి. తెలుపులో ఎంత పసుపు వేయాలో, అంచున ఏ ఊదా తాకించాలో రామనర్సయ్యకు చూసీచూడగానే తట్టింది. అలా తట్టినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. కుంచె అతని ముందే ఉంది. అతను చెయ్యి చాపలేదు.

తెల్లటి ముఖం మీద అంచుల నుంచి గోధుమరంగు పాకడం మొదలుపెట్టింది.

"నర్సయ్యా, రంగు మారుతోంది."

"అవును దొరా."

కామేశంగారు విసుక్కోకుండా ఇంకో చెక్క కోశారు. అదీ మెరిసింది, అదీ మాసింది. ఆయన అప్పుడు తలెత్తి చూశారు.

"ఒంట్లో బాలేదా?"

"బాగనే ఉన్న. ఆ ఆకు కింద గడ్డ నేను గీయ దొరా."

ద్వారం దగ్గర బుధ్రాం ఒక అడుగు ముందుకు వేశాడు, రేంజరు చెయ్యెత్తి ఆపారు.

"నీ భార్యకి నెలలు నిండాయట కదా," అన్నారు, చాలా మెల్లగా.

"నిండినయి."

"నువ్వు కాకపోతే జగదల్‌పూర్ నుంచి ఇంకొకడిని పిలిపిస్తాను. ఒక నెల ఆలస్యమవుతుంది, అంతే."

నెల అంటే వానలు పడతాయి. నెల అంటే ఈ ఏటి గడ్డ జనం కడుపుల్లోకి పోతుంది. అంతకుమించి రామనర్సయ్య లెక్కలో ఏమీ లేదు. వచ్చే ఏడు సంగతి అతనికి తెలియదు. ఇవాళ సాయంత్రం ఎక్కడ పడుకుంటారో కూడా తెలియదు.

"పిలిపించుకోండ్రి," అన్నాడు. భయమేసింది, చాలా భయమేసింది.

"నీలాంటి చెయ్యి మళ్లీ దొరకదయ్యా. ఆలోచించుకో," అంటూ కామేశంగారు మరో చెక్క కోసి అతని ముందుకు జరిపారు. కొత్త ముఖం తడిగా, పాలరంగులో నిగనిగలాడింది. ఆ మెరుపు చూడగానే రామనర్సయ్య కుడిచెయ్యి దానంతటదే కుంచె వైపు కదిలింది. అతను గబుక్కున రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద గట్టిగా కూర్చున్నాడు.