పెద్దలకు ఒక్క టికెట్టు

ఆ రోజు పొద్దున ఫుజైరా మీద మొగులు ఒక్క తీరుగ లేదు. సముద్రం దిక్కు తేటగ ఉన్నది. నూనె పోయించుకునేందుకు వరుసగ ఆగిన ఓడలు ఒక్కొక్కటి విడివిడిగ కనబడుతున్నయి. గుట్టల దిక్కు మాత్రం తెల్లటి మబ్బు కిందికి దిగి, ఏకిన దూది లెక్క రాళ్ల మీద కూర్చున్నది. గాలి లేదు. చలికాలంలో ఇక్కడ ఇసొంటి పొద్దు పొడిస్తే ఆ రోజంతా ఎండ మెత్తగనే ఉంటది. బండి తోలటానికి మంచి రోజు.

నేను అజ్మతుల్లా సార్ ఇంట్లో డ్రైవర్‌ని. మాది జగిత్యాల దిక్కు పల్లె. సార్‌ది కడప. ఓడలకు నూనె పోసే కంపెనీలో పెద్ద ఉద్యోగం. ఆయన భార్య సమీనా మేడమ్. వాళ్లకు ఒక్కతే బిడ్డ, అనమ్, ఏడేండ్లది. వంటకూ, పిల్లను చూసుకునేందుకూ అక్తర్ బీ ఉన్నది. ఆమెది రాయచోటి. యాభై దాటినయి. నాకంటె పెద్దది కనుక నేను అక్తరక్క అంట. ఆమె నన్ను రాజన్నా అంటది. అనమ్ ఆమెను నానీ అంటది.

దుబాయ్ దాటినంక అబుధాబి రోడ్డు మీద ఒక ఆటల పార్కు ఉన్నది. ఇంతకు ముందు కొన్నిసార్లు పోయినం. ఎప్పుడు పోయినా ఒక్క తీరే. వాళ్లు నలుగురూ లోపలికి పోతరు, నేను బయట ఉంట. లోపల అన్నిటికంటె ఎత్తుది ఒకటున్నది. ఇనుప పట్టాల మీద బండి మెల్లగ పైకి ఎక్కుతది, ఎక్కి ఒక్కపారి కిందికి పడుతది. గేటు బయట నిలబడ్డా దాని నెత్తి కనబడుతది. సార్, మేడమ్ దాన్ని ఎక్కుతరు. అనమ్ పొట్టిగ ఉండె కనుక ఎక్కనియ్యకపోయేది. పిల్ల కింద నిలబడితే, పిల్ల పక్కన సంచులు పట్టుకొని అక్తరక్క నిలబడేది. ఆమె టికెట్టు కూడా పూర్తి టికెట్టే. సంచులు పట్టుకునేందుకు కొన్న టికెట్టు.

ఒకసారి అక్కడ పనిచేసే పిల్ల, మీరూ రండి ఆంటీ అని పిలిచిందట. అక్తరక్క నోరు తెరిచే లోపలే మేడమ్, ఆమెకు భయం అని చెప్పిందట. ఈ ముచ్చట అక్తరక్కే ఉల్లిగడ్డలు కోసుకుంట చెప్పింది. చెప్పి ఇంకో ఉల్లిగడ్డ తీసుకున్నది. కానీ నేను బండి అద్దంలో చూసిన. పార్కు నుంచి తిరిగి వచ్చేటప్పుడు అందరూ ఫోన్లు చూసుకుంటరు. ఆమె ఒక్కతి మెడ తిప్పి, ఆ పట్టాలు కనబడినంత దూరం వెనక్కే చూస్తది.

రంజాన్ పండుగ అయినంక ఆమె ఇక్కడి కొలువు ఖలాస్ చేసుకొని ఇంటికి పోతున్నది. మోకాళ్లు మొరాయించినయి. వీసా క్యాన్సిల్ కాయితాలు కూడా తయారవుతున్నయి. ఈసారి తప్పితే ఇగ లేదు. ఆ సంగతి ఆమెకు ఎరుక, నాకు ఎరుక. ఇంట్లో మిగిలినోళ్లకు అసలు ఆ ఆలోచనే లేదు.

ఈ ఏడు అన్నిటి రేట్లూ పెరిగినయి. ముందు సినిమాల యాప్‌లకు పెరిగినయి. ఇంట్లో ఉన్నవాటిలో సార్ అన్నీ బంద్ చేసి, పిల్ల కార్టూన్లది ఒక్కటి ఉంచిండు. వంటింట్లో అక్తరక్క చూసే సీరియల్ సగంలో ఆగిపోయింది. అత్త విషం కలిపిన పాలు కోడలు తాగిందో లేదో ఆమెకు ఇప్పటికీ తెల్వదు. తాగే ఉంటది, ఆ కోడలికి బుద్ధి తక్కువ అని తనే తీర్పు చెప్పుకున్నది.

తర్వాత పార్కు వంతు వచ్చింది. సార్ సోఫాలో కూర్చొని ఫోన్‌లో టికెట్లు చూస్తున్నడు. నిన్న చూసిన రేటు ఇయ్యాల లేదు. మామూలు రోజు ఒకటి, సెలవు రోజు ఇంకొకటి. చాయ్ ఇచ్చేందుకు వచ్చిన అక్తరక్క, మా మదనపల్లె టమోటా మాదిరే ఉండాదే సార్, తెల్లారి ఒక ధర, పొద్దెక్కితే ఒక ధర అన్నది. సార్ నవ్విండు గాని టికెట్లు తగ్గించిండు. పెద్దలకు ఒకటి, పిల్లకు ఒకటి, అంతే అన్నడు.

ఆయనకు ఓడ డ్యూటీ పడ్డది. మేడమ్ పోవాలె. మేడమ్ జరసేపు ఆలోచించింది. సంచులు, నీళ్ల సీసాలు, పిల్ల జాకెట్టు అన్నీ తనొక్కతే మోసుకుంట ఆ జనంలో తిరుగుడు కాని పని అన్నది. అక్తర్ బీనే పంపుదాం అన్నది. వంటింటి దిక్కు తిరిగి, అనమ్ ఏది అడిగితే అది ఎక్కించు అని చెప్పింది.

అక్తరక్క సరేనమ్మా అని గిన్నె తోముతనే ఉన్నది. ఆ గిన్నె అప్పటికే తోమింది. మళ్లొకసారి తోమింది.

దారి పొడుగునా అనమ్ సీటు మీద నిటారుగ కూర్చున్నది. నిరుటికంటె తను పొడుగైంది, ఈసారి పెద్దది ఎక్కుతనని నాకూ చెప్పింది, సిగ్నల్ కాడ పక్క బండోనికి కూడా సైగ చేసి చెప్పింది. పైనుంచి పడేటప్పుడు ఎట్ల ఉంటదని అడిగితే అక్తరక్క, నాకేం తెల్సు, బాయిలో దుంకినట్టు ఉంటాదేమో అన్నది. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో ఎద్దులతోని నీళ్లు తోడే కపిల బాయి ఉండెనట. మగపిల్లలు మెట్ల కాడి నుంచి దుంకితే ఈమె అన్నిటికంటె ఎత్తున ఉండే మోట రాయి మీద నుంచి దుంకేదట. వాళ్ల నాయన కట్టె పట్టుకొని గట్టు మీద నిలబడితే, పైకి రాకుండ నీళ్లలోనే పొద్దు గూకేదాక ఈదేదట. నేను అద్దంలో చూసిన. భయపడే మనిషి మొఖం కాదు అది.

వాళ్లను గేటు కాడ దింపి, బండి పెట్టి వచ్చి నీడకు కూర్చున్న. ఇంకొక ఇంటి డ్రైవరు అమీర్ జాన్ అక్కడ ఉన్నడు. పెషావరోడు. ఎప్పుడు కలిసినా ఎవరినో ఒకరిని ఎక్కిరించనిదే వానికి తిన్నది అరగదు.

కొద్దిసేపటికే అక్తరక్క పిల్లను రెక్క పట్టుకొని బయటికి వచ్చింది. చేతి మీద మళ్ల లోపలికి పోయేందుకు ముద్ర ఏసి ఉన్నది. అనమ్ కండ్లు తుడుచుకుంటున్నది.

ఏమైందని అడిగితే చెప్పింది. పెద్దదాని కాడ ఒక స్తంభం ఉన్నది, దాని మీద రెండు గీతలు. కింది గీత దాటకపోతే ఎక్కనియ్యరు. పై గీత దాటితే ఒక్కరే ఎక్కచ్చు. నడుమ ఉంటే పక్కన పెద్దమనిషి కూర్చోవాలె. అనమ్ నడుమ ఉన్నది. పెద్దమనిషి అంటే ఇగ అక్తరక్కనే. కానీ సంచులతోని ఎక్కొద్దట. కింద పెట్టిపోతనంటే ఒప్పుకోలేదట. సంచులు పెట్టుకునే లాకరు కిరాయికి తీసుకోమన్నరట. దానికి కార్డు కావాలె, నోట్లు తీసుకోరట. ఆమె కాడ నోట్లు ఉన్నయి, కార్డు సార్ జేబులో ఉన్నది.

ఫోన్ చేతిలోకి తీసుకొని, చూసి, మళ్ల సంచిలో పెట్టింది. ఫోన్ చేస్తే మేడమ్ ఏమంటదో ఇద్దరికీ ఎరుకే. వద్దులే, నీకు భయం కదా, ఇంకోసారి చూద్దాం అంటది.

నేను లేచి చెయ్యి చాపిన.

"ఇటియ్యి అక్కా."

ఆమె నా దిక్కు చూసింది. "మగోనివి. ఇవన్నీ తగిలించుకోని నిలబడితే నగుతారు రాజన్నా."

"నగనియ్యి."

కుందేలు చెవుల గులాబీ సంచి ఇచ్చింది. మేడమ్ పాతదైందని తనకిచ్చిన చేతి సంచి ఇచ్చింది. నీళ్ల సీసాల సంచి ఇచ్చింది. చున్నీ కొసలు రెండూ స్వెట్టర్ లోపలికి దోపుకున్నది. పిల్ల చెయ్యి పట్టుకొని గేటు దిక్కు నడిచింది. ఆ మోకాళ్లు అంత తొందరగ నడుస్తయని నేను అనుకోలేదు.

అమీర్ జాన్ నన్ను కిందికీ మీదికీ చూసి, ఇగ నువ్వు కూడా ఆయా అయినవా, జీతం పెంచిండ్రా అని హిందీలో అడిగిండు. ఇయ్యాల ఒక్కరోజుకే అన్న. వాడు నవ్వుకుంట ఫోటో తీసుకున్నడు. ఆ పట్టాల నెత్తి మీదనే నా కన్ను ఉన్నది.

వరుస పెద్దగుంటది. బండి ఎక్కుడు, పడుడు, ఎక్కుడు, పడుడు. ప్రతిసారి చూసిన. అనమ్‌ది పసుపు జాకెట్టు. పసుపు రంగు కనబడలేదు. మధ్యల ఒకసారి బండి ఆగిపోయింది, ఎంతసేపటికీ కదలదు. చేతిల ఉన్న నీళ్లు కూడా తాగబుద్ధి కాలేదు. తర్వాత కదిలింది.

అప్పుడు సంచిలో ఫోన్ మోగింది. మేడమ్. ఎత్తిన.

"రాజేశ్వర్? అక్తర్ బీ ఏది? ఫోన్ నీ దగ్గరెందుకుంది?"

పట్టాల మీద బండి ఎక్కుతున్నది. ముందటి వరుసలో పసుపు జాకెట్టు.

"పైన ఉన్నది మేడమ్."

"పైనంటే?"

"పెద్దదాని మీద. ఇప్పుడే నెత్తికి పోతున్నది."

"అదేంటి. ఆమెకు భయం కదా."

పసుపు జాకెట్టు పక్కన ఒక మనిషి. వెనక ఉన్నోళ్లు కొందరు కడ్డీ పట్టుకొని వంగిండ్రు. ఆ మనిషి కడ్డీ వదిలి రెండు చేతులూ మొగులు దిక్కు లేపింది. అరచేతులు విప్పి ఉన్నయి. ఇన్నేండ్లలో అక్తరక్క చేతుల్లో ఏదో ఒకటి లేకుండ నేను చూడలేదు. గరిట, గుడ్డ, సంచి, పిల్ల. ఇప్పుడు ఏం లేదు. ఉత్త చేతులు. బండి అంచుకు వచ్చింది, ఒక్క చణం ఆగినట్టయింది, పడ్డది. చేతులు దిగలేదు.

"ఏమో మేడమ్," అన్న. "రెండు చేతులూ పైకే ఉన్నయి."

మేడమ్ మెల్లగ అడిగింది.

"మళ్లీ ఎక్కుతుందా? ఎక్కితే ఫోటో తియ్యి."

మళ్ల ఎక్కింది. ఆ తర్వాత కూడా ఎక్కింది. రెండోసారి నేను ఫోటో తీసిన. అందులో చూస్తే మొగులు, ఇనుము, ఒక పసుపు చుక్క, దాని పక్కన రెండు పుల్లల లెక్క చేతులు. అదే పంపిన. అమీర్ జాన్ నా భుజం మీద నుంచి తొంగి చూసి, ఎవరది అని అడిగిండు. మా అక్క అన్న. వాడు ఎక్కిరించలేదు. జేబులో నుంచి ఖర్జూరపండు తీసి నా చేతిలో పెట్టిండు.

పొద్దు వాలే ముందట ఇద్దరూ బయటికి వచ్చిండ్రు. అనమ్ ముందు ఉరికొచ్చింది. నానీనే ఇంకోసారి ఇంకోసారి అన్నదనీ, తనకు కడుపులో తిప్పుతదన్నా వినలేదనీ ఫిర్యాదు చేసింది. అక్తరక్క చున్నీ వెనక్కి పోయి, నెరిసిన వెంట్రుకలు నిక్కి నిలబడ్డయి. గొంతు పోయింది. మాట్లాడితే గాలే వస్తున్నది. సంచుల కోసం చెయ్యి చాపింది. నేను ఇయ్యలేదు. బండి దాక నేనే మోసిన.

బండి కదిలినంక మేడమ్ మళ్ల ఫోన్ చేసింది. అనమ్ స్పీకర్ పెట్టింది.

"అక్తర్ బీ, నువ్వు భయపడతావనుకున్నానే ఇన్నాళ్లూ."

అక్తరక్క గొంతు సవరించుకున్నది. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. ఉన్న మాట చెప్పినట్టు చెప్పింది.

"మీరు అడగలేదు కదమ్మా."

మేడమ్ ఫోన్ పెట్టేసిందేమో అనుకున్న. పెట్టలేదు.

"ఎట్లుండింది?" అని అడిగింది. ఆ అడుగుడు చిన్నపిల్ల అడిగినట్టున్నది.

"దిగబుద్ధి కాలా," అన్నది అక్తరక్క.

వచ్చేటప్పుడు నేను మసాఫీ ఊరి మీది పాత రోడ్డు పట్టిన. గుట్టల నడుమ ఒక మలయాళీ కెఫెటేరియా ఉన్నది. బయట ప్లాస్టిక్ బల్లలు. అక్తరక్క బండి ఆపమన్నది. ఇయ్యాల నేను వండను అన్నది. ముగ్గురికీ తనే చెప్పింది, పరోటా, గుడ్ల కూర, చాయ్.

పళ్లాలు వచ్చినయి. వడ్డించేందుకు ఆమె అలవాటుగ సగం లేచింది. లేచి, అక్కడ వడ్డించేటోడు ఉన్నడని చూసి, కూర్చున్నది. పరోటా తుంచింది. కూరలో ముంచింది. అనమ్ నములుకుంట నములుకుంట ఆమె భుజానికి ఒరిగింది. కొండల నడుమ చలి దిగుతున్నది, పళ్లెంలో నుంచి పొగ లేస్తున్నది. మేము ముగ్గురం కడుపునిండ తిన్నం.